థెరపీకి వచ్చేముందు ఫోన్‌లో అడిగే ప్రశ్నలు: బెంగళూరు తెలుగువాళ్ల కోసం

మారతహళ్లి వంతెనకి దగ్గర్లో, ఒక పళ్ల డాక్టరు గారి క్లినిక్ పైన ఉంటుంది మా గది. బోర్డు మీద పేరు కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ ఉంది. కింద చిన్న అక్షరాలతో ‘తెలుగులో మాట్లాడవచ్చు’ అని నేనే రాయించాను. నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ని, ఊరు అనంతపురం వైపు. ఫోన్ చేసేవాళ్లు ఇంచుమించు ఇవే ప్రశ్నలు అడుగుతారు, కాకపోతే ఒక్కొక్కరూ తమకొక్కరికే వచ్చిన సందేహంలా గొంతు తగ్గించి అడుగుతారు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. ఇందులోని మనుషులెవరూ ఫలానా ఒకరు కారు. నలుగురైదుగురి సంగతులు కలిపి, ఊరూ ఉద్యోగమూ మార్చి చెప్పినవి.

థెరపీ అంటే కూర్చుని మాట్లాడటమేనా? దానికి డబ్బులెందుకు మేడమ్?

మాటలతోనే జరుగుతుంది కానీ, మాట్లాడటమొక్కటే కాదు. మీకు ఏది ఇబ్బందిగా ఉందో ఇద్దరం కలిసి తేల్చుకుంటాం. అది ఎందుకు పోకుండా పట్టుకుని ఉందో చూస్తాం. దాన్ని మార్చడానికి ఒక పద్ధతి ప్రకారం పని చేస్తాం. వారానికి ఒకసారి, 45 నుంచి 50 నిమిషాలు. మిగతా ఆరు రోజులూ మీరు చేసేదే అసలు పని.

స్నేహితుడికి చెప్పుకుంటే మనసు తేలికపడుతుంది, చెప్పుకోవాలి కూడా. అయితే ఈ ఊళ్లో చాలాసార్లు అది రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు అవుతుంది. అతనిదీ అదే కంపెనీ, అదే ఈఎంఐ, అదే నిద్రలేమి. మీ మాట సగంలో ఉండగానే తన కథ మొదలుపెడతాడు. ఇక్కడ ఆ 50 నిమిషాలూ మీవే.

నాకేం పిచ్చి లేదు కదా, మరి నేనెందుకు రావాలి?

పిచ్చి ఉందని ఎవరూ అనలేదు. ఇక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పొద్దున లేచి ఆఫీసుకి వెళ్తున్నవాళ్లే, పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కిస్తున్నవాళ్లే. నిద్ర పట్టదు, గుండె దడ, ప్రతి చిన్నదానికీ ఏడుపు, ఇంట్లోవాళ్లమీద చిరాకు, ఒకటే ఆలోచన. కొందరు ఈసీజీ, ఎకో, ఎండోస్కోపీ అన్నీ చేయించుకుని, అన్నీ నార్మల్ అని చెప్పిన తర్వాత ఆ ఫైలు చంకలో పెట్టుకుని వస్తారు. ‘గ్యాస్ ట్రబుల్ అనుకున్నాం మేడమ్’ అంటారు. ఆ పరీక్షలు వృథా అని నేను అనను. ఛాతీ పట్టేస్తే ముందు గుండె డాక్టరుకి చూపించుకోవడమే సరైన పని.

నిమ్హాన్స్ (ఈ ఊళ్లోనే ఉన్న పెద్ద ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ) నడిపిన 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో తేలింది ఇది: వైద్యం కావలసినవాళ్లలో, జబ్బును బట్టి, 70 నుంచి 92 శాతం మందికి అది అందడం లేదు. సిగ్గుపడి ఆగిపోయినవాళ్లు మీరొక్కరే కాదు.

సైకియాట్రిస్ట్, సైకాలజిస్ట్, కౌన్సెలర్. ఎవరి దగ్గరికి వెళ్లాలి?

సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ చదివి ఆపైన మానసిక వైద్యం చదివిన డాక్టరు. మాత్రలు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్ట్ సైకాలజీ చదివి, ఆ తర్వాత ఆసుపత్రిలో శిక్షణతో ఎంఫిల్ లాంటిది చేసి, భారత పునరావాస మండలి దగ్గర నమోదైనవారు. పరీక్షలు, థెరపీ మా పని. మాత్రలు రాయము. సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు కూడా మంచి థెరపీ చేస్తారు, ముఖ్యంగా కుటుంబాలతో.

‘కౌన్సెలర్’ అన్న బోర్డు మాత్రం పదేళ్లు శిక్షణ పొందినవారూ పెడతారు, రెండు వారాల ఆన్‌లైన్ కోర్సు చేసినవారూ పెడతారు. కాబట్టి చదువేమిటి, శిక్షణ ఎక్కడ, రిజిస్ట్రేషన్ నంబరు ఎంత అని అడగండి. కూరగాయల దగ్గర వంద ప్రశ్నలు వేసేవాళ్లం, ఇక్కడ మొహమాటం దేనికి? అడిగితే ముఖం ముడుచుకునేవారి దగ్గరికి వెళ్లకండి.

నిద్ర రోజుల తరబడి లేకపోయినా, లేని మాటలు వినిపిస్తున్నా, తిండి మానేసినా, చనిపోవాలన్న ఆలోచన వస్తున్నా ముందు సైకియాట్రిస్ట్ దగ్గరికే. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ గురించి కడప, అనంతపురం, చిత్తూరు వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. 1974లో ఆ పేరు రాకముందు అది మైసూరు సంస్థానం నాటి మానసిక ఆసుపత్రి. మన వైపు పెద్దవాళ్లు ‘బెంగుళూరుకి తీసుకుపోయినారు’ అని గొంతు తగ్గించి అంటే అర్థం అదే. అక్కడ ఓపీలో రద్దీ ఎక్కువ. పొద్దున్నే వెళ్లాలి, ఓపిక ఉండాలి.

సీబీటీ, సీబీటీ అంటారు. అదేమిటి?

కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. ఆలోచన, ఒంట్లో కలిగే మార్పు, మనం చేసే పని ఒకదాన్నొకటి లాగుతుంటాయి. ఎక్కడో ఒకచోట పట్టుకుని మారిస్తే మిగతావీ కదులుతాయి. దీన్ని 1960లలో అమెరికాలో ఆరన్ బెక్ మొదలుపెట్టారు. ఆయన మొదట ఫ్రాయిడ్ పద్ధతిలో, అంటే చిన్నప్పటి సంగతులు తవ్వే మనోవిశ్లేషణలో, శిక్షణ పొందిన డాక్టరు. దిగులుగా (డిప్రెషన్‌తో) ఉన్నవాళ్లు తమ గురించి తాము లోపల్లోపల ఒకే రకం మాటలు అనుకుంటూ ఉంటారని గమనించి దారి మార్చుకున్నారు. నూరేళ్లు బతికి 2021లో పోయారు.

ఇది వింటే తేలిక, చేస్తే తెలుస్తుంది. ఒక అబ్బాయి, ఒంగోలు వైపు, బెళ్లందూరులో ఉద్యోగం. శుక్రవారం సాయంత్రం 6:40కి మేనేజర్ నుంచి మెసేజ్: ‘సోమవారం పొద్దున ఓ పది నిమిషాలు మాట్లాడదాం.’ అంతే. రాత్రంతా నిద్ర లేదు. ఇంటి లోను లెక్కలు, పాత రెజ్యూమె, ‘నాన్నకి ఎలా చెప్పాలి’. శనివారం పదకొండింటికి నా దగ్గరికి వచ్చాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఒక తెల్లకాగితం తీసి గళ్లు గీశాం. ఏం జరిగింది? మెసేజ్ వచ్చింది. ఏమనుకున్నావు? తీసేస్తారు. ఎంత నమ్ముతున్నావు? 90 శాతం. ఒంట్లో ఏమైంది? కడుపులో తిప్పడం, అరచేతుల్లో చెమట. ఏం చేశావు? చిన్నమ్మ వాళ్లింటికి భోజనానికి వస్తానని చెప్పి మానేశాను. తర్వాతి గడిలో ఆ ఆలోచనకి సాక్ష్యం రాయమన్నాను. పక్క టీమ్‌లో పోయిన నెల ఇద్దర్ని తీసేశారు. నిజమే, రాశాం. దానికి ఎదురు సాక్ష్యం? ఇక్కడ అతను చాలాసేపు ఆగాడు. పెన్ను మూత తీసి పెడుతున్నాడు. ‘రెండు వారాల కిందటే కొత్త మాడ్యూల్ ఇచ్చారు.’ ఇంకా? ‘ఇలాంటి మెసేజ్ ఇంతకుముందు నాలుగుసార్లు వచ్చింది.’ అప్పుడేమైంది? ‘ఒకసారి సెలవుల గురించి, ఒకసారి…’ అని తనే చిన్నగా నవ్వాడు.

చివరి గడిలో రాసింది ఇది: ‘పని గురించే కావచ్చు, చెడ్డ వార్తా కావచ్చు. చెడ్డదే అయితే మూడు నెలల ఖర్చుకి డబ్బుంది.’ నమ్మకం 90 నుంచి 50కి వచ్చింది. సున్నా కాలేదు, కావాలని నేను అనుకోనూ లేదు. మధ్యాహ్నం చిన్నమ్మ వాళ్లింటికి భోజనానికి వెళ్లాడు. సోమవారం మీటింగ్ రాత్రి డ్యూటీల గురించి అట. అయితే మీటింగ్ మంచిగా జరిగింది కాబట్టి సీబీటీ పనిచేసిందనుకోకండి. ఉద్యోగం పోయినా ఆ కాగితం పనికొచ్చేదే. గోరంతను కొండంత చేసే మనసుకి ‘పాజిటివ్‌గా ఆలోచించు’ అని చెప్పడం కాదిది. కొండా గోరా అని కొలిచి చూడటం.

ఇందులోనే ఇంకో భాగం, నాకు బాగా ఇష్టమైనది. దిగులు పట్టినవాళ్లు ‘మనసు కుదుటపడ్డాక చేస్తా’ అని మంచం దిగరు. దాన్ని తిరగేస్తాం. ముందు చిన్న పని, మనసు వెనకాల వస్తుంది. స్నానం చేసి కిందికి దిగి కాఫీ తాగి రావడం దగ్గర మొదలవుతుంది. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మామూలు చదువున్నవాళ్లకి శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది సిట్టింగుల్లో ఇదే చేయించి చూశారు. బాగా దిగులుతో ఉన్నవాళ్లకి మేలు జరిగిందని 2017లో ఫలితాలు ప్రచురించారు.

మా ఆవిడ గ్యాస్ ఆపిందో లేదో అని పదిసార్లు వెనక్కి వస్తుంది. నచ్చజెప్పి చెప్పి అలిసిపోయాను.

నచ్చజెప్పడం మానేయాల్సి రావచ్చు. వినడానికి కఠినంగా ఉంటుంది కానీ, ‘ఆపావులే, నేను చూశాను’ అని మీరు చెప్పిన ప్రతిసారీ ఆ భయానికి తిండి పెడుతున్నారు. ఐదు నిమిషాలు తగ్గుతుంది, మళ్లీ వస్తుంది.

ఇలా వదలని భయం, దాన్ని తగ్గించుకోవడానికి మళ్లీ మళ్లీ చేసే పని ఉండే జబ్బుని ఓసీడీ అంటారు. దానికి చేసే పద్ధతి ఈఆర్‌పీ. భయానికి ఎదురుగా నిలబడటం, అలవాటుగా చేసే పనిని చేయకుండా ఉండటం. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ దీనికి దారి చూపారు. బలవంతంగా ఒక్కసారి చేయించేది కాదు. భయాలన్నీ నూటికి మార్కులేసి మెట్లుగా రాసుకుంటాం, కింది మెట్టు నుంచి ఎక్కుతాం.

ఒకామె ఫోన్‌లో స్టవ్ నాబ్ ఫొటోలే కొన్ని వందలు ఉండేవి. ఆఫీసు క్యాబ్‌లో కూర్చుని జూమ్ చేసి చూసుకునేది. మొదటి వారం పని: నాబ్‌ని ఒక్కసారి చూడాలి, తాళం వేయాలి, లిఫ్ట్ దిగాలి. ఫొటో తీయకూడదు. కింద బెంచీ మీద కూర్చుని, భయం ఎంతుందో ఐదు నిమిషాలకోసారి రాసుకోవాలి. 80, 85, 85, 70… నలభై నిమిషాలకి 30. ఎవరూ ఏమీ చెప్పకుండానే దిగింది. రెండో రోజు ఇంకాస్త ముందే దిగింది, మూడో రోజు మళ్లీ పెరిగింది (అలాగే జరుగుతుంది, గాబరా పడకండి). ఐదో వారంలో ఆ ఫొటోలన్నీ నా ఎదుటే డిలీట్ చేసింది. చెయ్యి వణికింది. కానీ చేసింది.

చేతులు కడిగి కడిగి పగిలిపోవడం, మడి అంటు పేరుతో గంటల తరబడి స్నానం, దేవుడి మీద వచ్చే పాడు ఆలోచనలకి లెంపలేసుకోవడం కూడా ఈ కోవలోకి రావచ్చు. ఏది ఆచారం, ఏది జబ్బు? ఇంట్లో పెద్దావిడని అడగండి. ‘మేమెవరం ఇంత చెయ్యలేదమ్మా’ అని ఆవిడే అంటుంది.

చిన్నప్పటి సంగతులన్నీ తవ్వుతారా?

కొందరు తవ్వుతారు. ఫ్రాయిడ్ నుంచి వచ్చిన పద్ధతులని సైకోడైనమిక్ అంటారు. ఇప్పుడు సోఫా మీద పడుకోబెట్టడం అరుదు, ఎదురుగానే కూర్చుంటారు. మనకి తెలియకుండా మనం మళ్లీ మళ్లీ ఒకే గుంతలో పడుతుంటాం. ఆ గుంత ఎప్పుడు, ఎవరితో మొదలైందో చూడటం అందులో పని. కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే భారత మనోవిశ్లేషణ సంఘం పెట్టారు, ఫ్రాయిడ్‌తో ఉత్తరాలు నడిపారు. మనకి ఇది నిన్న మొన్న వచ్చిన సరుకు కాదు.

రెండు నిమిషాలు ఆలస్యమైతే మూడుసార్లు సారీ చెప్పే మనిషి ఒకాయన ఉండేవాడు. నేను గడియారం వైపు చూస్తే ముఖం తెల్లబోయేది. ‘కోపమొచ్చిందా మేడమ్?’ రాలేదు. మరి ఎవరికి వచ్చేది అలా? ఆ ఒక్క ప్రశ్నతో చాలా వారాలు నడిచింది. వాళ్ల నాన్న గురించి, వీధి గుమ్మంలో చెప్పుల చప్పుడు గురించి. ఆఫీసులో ఎవరికీ ‘కాదు’ అని చెప్పలేకపోవడానికి ఆ చెప్పుల చప్పుడుతో సంబంధం ఉందని ఆయనే కనుక్కున్నాడు. నేను ముందే చెప్పి ఉంటే తల ఊపి ఇంటికెళ్లి మర్చిపోయేవాడు.

ఇది నిదానమైన దారి. పరీక్ష వచ్చే నెలలో ఉండి చెయ్యి వణుకుతుంటే ఈ దారిలో వెళ్లమని నేను చెప్పను.

ఇదివరకు ఒకరి దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఊఁ కొట్టడం తప్ప సలహా ఇవ్వలేదు.

ఇది మనవాళ్ల నుంచి ఎక్కువగా వినే ఫిర్యాదు. అమెరికాలో కార్ల్ రోజర్స్ అనే ఆయన, మనిషిని తప్పుపట్టకుండా, అతని లోపలినుంచి అర్థం చేసుకుంటూ, నటన లేకుండా పక్కన ఉంటే ఆ మనిషే తన దారి చూసుకుంటాడని చెప్పారు. బాగా చేస్తే అది గొప్ప పద్ధతి. జీవితంలో ఒక్కరు కూడా పూర్తిగా వినని మనిషికి ఆ వినడమే మందు.

కానీ మనం పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లేది ఏదో ఒక మాట చెబుతారని. దీని గురించి జస్వంత్ సింగ్ నేకీ అనే మన దేశపు సైకియాట్రిస్ట్ 1973లోనే రాశారు: ఇక్కడ థెరపిస్ట్–రోగి సంబంధానికి గురుశిష్య సంబంధాన్ని నమూనాగా తీసుకోవచ్చునని. నా అనుభవంలో కూడా మొదట్లో కాస్త చెప్పాలి, దారి చూపాలి, తర్వాత చెయ్యి వదలాలి. అయితే ‘విడాకులు తీసుకోనా వద్దా’ అన్నదానికి మాత్రం నా నోటినుంచి జవాబు రాదు. ఆ ఇంట్లో ఉండేది నేను కాదు.

నాన్న పోయి ఎనిమిది నెలలు. ఊరినుంచి వచ్చేశాం. ఏ పనీ చేయబుద్ధి కాదు. ఇదేం జబ్బు?

దుఃఖం జబ్బు కాదు. కానీ అది గడ్డకట్టి దిగులుగా మారితే ఇంటర్‌పర్సనల్ థెరపీ అనే పద్ధతి ఉంది. 1970లలో క్లెర్మన్, వైస్‌మన్ తదితరులు తయారుచేశారు. మామూలుగా 12 నుంచి 16 వారాలు. అది నాలుగు వైపులే చూస్తుంది: చావు, తగువు, జీవితంలో పెద్ద మార్పు, ఒంటరితనం. పెళ్లై ఈ ఊరికి వచ్చి, మాట్లాడేవాళ్లు లేక, పద్నాలుగో అంతస్తులో పసిబిడ్డతో కూర్చున్న అమ్మాయికి నేను మొదట ఆలోచించేది ఇదే. ఉగాండా పల్లెల్లో గుంపుగా కూర్చోబెట్టి చేస్తే కూడా ఇది పనిచేసింది.

మనకి పదకొండో రోజు, మాసికాలు, సంవత్సరీకం అని దుఃఖానికి ఒక క్యాలెండరు ఉండేది. ఇప్పుడు మూడు రోజుల సెలవు, నాలుగో రోజు కాల్.

కోపం వస్తే నన్ను నేను గాయపరచుకుంటాను. దీనికేమైనా ఉందా అక్కా?

ఉందమ్మా. డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే పద్ధతిని మార్షా లినెహాన్ అనే అమెరికా సైకాలజిస్ట్ సరిగ్గా ఇలాంటి బాధ ఉన్నవాళ్ల కోసమే తయారుచేశారు. తను కూడా చిన్న వయసులో ఇలాంటి స్థితిలో ఆసుపత్రిలో ఉన్నానని 2011లో ఆమే బయటికి చెప్పారు. ఇందులో క్లాసులో నేర్పినట్టు నేర్పుతారు: ఉప్పెనలా వచ్చే బాధని ఆ పది నిమిషాలు దాటడం, ఉద్వేగాన్ని అదుపులో పెట్టుకోవడం, తగువు లేకుండా కావలసింది అడగడం, ఉన్న క్షణంలో నిలబడటం. ముఖానికి చల్లటి నీళ్లు పట్టడం లాంటి చిన్న కిటుకులు కూడా అందులోవే. ఈ ప్రశ్న మీదైతే ఈ పేజీ మొత్తం చదివేదాకా ఆగకండి, 14416కి (ఉచిత మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) ఇప్పుడే ఫోన్ చేయండి.

కళ్లు అటూ ఇటూ తిప్పితే భయం పోతుందట, నిజమా?

ఈఎండీఆర్ గురించి అడుగుతున్నారు. 1987లో ఫ్రాన్సిన్ షాపిరో మొదలుపెట్టారు. యాక్సిడెంట్, దాడి లాంటివి మళ్లీ మళ్లీ కళ్లముందు ఆడుతుంటే, ఆ జ్ఞాపకాన్ని కొద్దికొద్దిగా తలుచుకుంటూ థెరపిస్ట్ వేలి కదలికని కళ్లతో వెంబడించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో పీటీఎస్‌డీకి (ఘోరమైన అనుభవం తర్వాత ఇలా వదలకుండా వెంటాడే జబ్బుకి) సిఫారసు చేసినవాటిలో ఇదీ ఉంది. కళ్లు తిప్పడం వల్లే పనిచేస్తుందా, జ్ఞాపకాన్ని భద్రమైన చోట ఎదుర్కోవడం వల్లా అన్నది ఇంకా తెగని వాదన. నేను రెండోదాని వైపు మొగ్గుతాను. శిక్షణ లేనివాళ్ల దగ్గర మాత్రం చేయించుకోకండి.

రోజూ ధ్యానం చేస్తాను, అది చాలదా?

చాలామందికి చాలు. ధ్యానం నుంచి పుట్టిన థెరపీలే ఉన్నాయి, మళ్లీ మళ్లీ వచ్చే దిగులుకి మైండ్‌ఫుల్‌నెస్‌ని (ఉన్న క్షణాన్ని ఊరికే గమనించడాన్ని) సీబీటీతో కలిపి వాడతారు. అయితే తీవ్రమైన దిగులులో కళ్లు మూసుకుని కూర్చుంటే కొందరికి ఆలోచనలు ఇంకా ముసురుకుంటాయి. అప్పుడు ‘నాకు ధ్యానం కూడా చేతకాదు’ అన్న ఇంకో దిగులు తోడవుతుంది. అలాంటప్పుడు నడక మేలు.

భర్త రానంటున్నాడు. నేనొక్కదాన్నే వస్తే లాభముందా?

ఉంది. ఇద్దరూ వస్తే ఇంకా ఉంది. మన దేశంలో కుటుంబాన్ని బయట కూర్చోబెట్టి మనిషిని ఒక్కణ్ణే బాగుచేయడం కష్టమని మనవాళ్లు ముందునుంచీ గుర్తించారు. 1950లలో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలో డేరాలు వేయించి, రోగులతో పాటు బంధువుల్నీ ఉంచేవారు. నిమ్హాన్స్‌లో కుటుంబాలకని ప్రత్యేక విభాగం ఉంది.

ఆ గదిలో నేను చూసేది తప్పెవరిదని కాదు. మాట ఎటునుంచి ఎటు వెళ్తోందని. ‘వాళ్ల అమ్మకి చెప్పండి’ అని కోడలు నాకు చెబుతుంది, అత్తగారు పక్క కుర్చీలోనే ఉంటుంది. ‘ఆవిడకే చెప్పండి’ అంటాను. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దం చాలా పొడవు. ఒక్క విషయం: ఇంట్లో కొట్టడం ఉంటే జంటగా కూర్చోబెట్టను. ముందు ఆమె భద్రత.

ఇన్ని ఉన్నాయి. ఏది మంచిది?

1936లోనే సాల్ రోజెన్‌జ్వైగ్ అనే ఆయన, పద్ధతులు వేరైనా ఫలితాలు దగ్గరదగ్గరగా ఉంటాయి, వాటన్నిటిలో ఉమ్మడిగా ఉన్నదేదో పనిచేస్తోంది అన్నారు. ఆ మాట ఇంకా నిలబడే ఉంది. మీకూ థెరపిస్ట్‌కీ మధ్య నమ్మకం, ఎటు వెళ్తున్నామన్న ఒప్పందం ఫలితాన్ని చాలా దూరం నిర్ణయిస్తాయి. కానీ అన్నీ ఒకటే అని కూడా కాదు. ఓసీడీకి ఈఆర్‌పీ చేయకుండా ఏడాదిపాటు బాల్యం గురించి మాట్లాడితే నాకు బాధేస్తుంది. లిఫ్ట్ భయం ఉన్నవాళ్లు ఎప్పటికో అప్పటికి లిఫ్ట్ ఎక్కాలి.

నాలుగైదు సిట్టింగుల తర్వాత అడగండి: ‘మనం ఏం చేస్తున్నాం, ఎందుకు?’ రెండు వాక్యాల్లో చెప్పలేకపోతే, అనుమానించాల్సింది మీ తెలివిని కాదు.

మాత్రలు మొదలుపెడితే జీవితాంతమా?

చాలామందికి కాదు. దిగులుకీ ఆందోళనకీ ఎక్కువగా ఇచ్చే మాత్రలు పట్టు చూపడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. బాగున్నాక కూడా కొన్ని నెలలు వాడి, మెల్లగా తగ్గిస్తారు. మధ్యలో మీ అంతట మీరు ఆపేయకండి. బైపోలార్, స్కిజోఫ్రీనియా లాంటివాటికి మాత్రలే ముఖ్యం, థెరపీ తోడు.

ఎన్నాళ్లు? ఎంతవుతుంది?

సీబీటీ లాంటివి 12 నుంచి 20 సిట్టింగులు. లోతైన పనికి ఏడాది దాటవచ్చు. ఈ ఊళ్లో ప్రైవేటుగా ఒక సిట్టింగ్‌కి మామూలుగా వెయ్యి నుంచి మూడు వేల దాకా తీసుకుంటున్నారు, పైన కూడా ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చాలా తక్కువ. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఇన్సూరెన్స్ వాళ్లు మనసు జబ్బుని ఒంటి జబ్బుతో సమానంగా చూడాలి. కానీ చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి, వారం వారం థెరపీకి రావు. కొన్ని కంపెనీలు ఉచితంగా కొన్ని సిట్టింగులు ఇస్తాయి, హెచ్‌ఆర్ మెయిల్ అడుగున ఎక్కడో ఉంటుంది, వెతకండి.

ఇంకోటి: మొదటి రెండు మూడు వారాలు ముందుకంటే బరువుగా అనిపించవచ్చు. పాత పుండు కదిలింది కాబట్టి. ఆ సంగతి థెరపిస్ట్‌కి చెప్పండి, రావడం మానకండి.

ఇంటి గుట్టు బయటపెట్టినట్టు కాదా? మా ఆఫీసుకి తెలుస్తుందా?

తెలియదు. గోప్యత అదే 2017 చట్టంలో మీ హక్కు. మీ మేనేజర్ ఫోన్ చేసినా, మీ మామగారు నేరుగా వచ్చి కూర్చున్నా, మీరు వస్తున్నారనే మాట కూడా నా నోట రాదు. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉంటే, కోర్టు అడిగితే, అప్పుడు అవసరమైనంత మేరకే చెబుతాం. మీ వైద్యానికి సంబంధించి ఇంకో డాక్టరుతో పంచుకోవచ్చు.

ఏదో మాల్‌లోనో సంక్రాంతి ముగ్గుల పోటీలోనో కనిపిస్తే నేను ముందుగా పలకరించను. పొగరు అనుకోకండి. గృహప్రవేశాలకీ రాను, కార్డు మాత్రం సంతోషంగా తీసుకుంటాను.

ఇంగ్లీషు వచ్చు కదా, తెలుగువాళ్లే ఎందుకు?

తప్పనిసరి కాదు. మంచి థెరపిస్ట్ ఏ భాషవారైనా సరే. కొందరైతే ఇంగ్లీషులోనే తేలిగ్గా చెప్పగలరు, ముఖ్యంగా సిగ్గుపడే విషయాలు, పరాయి భాష ఒక దుప్పటిలా కప్పుతుంది కాబట్టి. తమాషా ఏమిటంటే, థెరపీకి ‘మాటల వైద్యం’ అన్న పేరు పెట్టింది వియన్నాలో బ్రాయర్ అనే డాక్టరు దగ్గరికి వచ్చిన జర్మన్ మాట్లాడే ఒక అమ్మాయి. జబ్బులో తన భాష నోటికి రాక ఇంగ్లీషులో మాట్లాడేది, ఆ పేరూ ఇంగ్లీషులోనే పెట్టింది.

కానీ ‘ఐ ఫీల్ బ్యాడ్’ అని అరగంట చెప్పినవాళ్లు ‘అమ్మ మీద బెంగగా ఉంది’ అనగానే ఏడుస్తారు. బెంగకి యాంగ్జైటీ అనే మాట సరిపోదు. ఉక్రోషం, చిన్నబుచ్చుకోవడం, రోషం, ఇవి కోపంలో రకాలు కావు, వేటికవే. అలక సంగతే చూడండి. తీర్చేవాళ్లు ఉన్నారన్న నమ్మకం ఉంటేనే అలుగుతాం. ‘నేను ఇంట్లో అలగడం మానేసి రెండేళ్లైంది’ అని ఒకామె అన్నప్పుడు ఆ కాపురం ఎక్కడుందో నాకు అర్థమైంది.

ఆన్‌లైన్‌లో చేస్తారా?

చేస్తాం. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటి రావడం కంటే చాలాసార్లు అదే నయం. కష్టమల్లా ఏకాంతం. పీజీలో ముగ్గురు రూమ్మేట్ల మధ్య ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ‘ఊఁ, కాదు, తర్వాత చెప్తా’ అంటే థెరపీ జరగదు. ఒకతను పార్కింగ్‌లో కారు అద్దాలు ఎత్తుకుని మాట్లాడేవాడు. బాగానే నడిచింది.

థెరపిస్ట్ నచ్చకపోతే?

ముఖాన చెప్పండి. చాలాసార్లు ఆ చెప్పడంతోనే పని ముందుకు కదులుతుంది. అయినా కుదరకపోతే మారండి. మిమ్మల్ని తిట్టినా, జాతకం చూసినా, తన సొంత కష్టాలు చెప్పుకున్నా, హద్దు దాటి చనువు చూపినా మాత్రం చెప్పడం కూడా అక్కర్లేదు, లేచి వచ్చేయండి.

అర్ధరాత్రి తట్టుకోలేకపోతే ఎవరికి ఫోన్ చేయాలి?

14416, టెలిమానస్. 2022 అక్టోబరు 10న మొదలైంది. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణాపాయం అనిపిస్తే 112, లేదా దగ్గరి ఆసుపత్రి ఎమర్జెన్సీ. ఆత్మహత్యకి ప్రయత్నించినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగానే చూడాలని, శిక్షించకూడదని 2017 చట్టం చెబుతోంది. పోలీసు కేసు భయంతో ఎవరినీ ఇంట్లో దాచిపెట్టకండి.

మొదటి రోజు ఏం తెచ్చుకోవాలి?

వాడుతున్న మాత్రల చీటీ, పాత రిపోర్టులు ఉంటే అవి. థైరాయిడ్ పరీక్ష చేయించి ఉంటే తప్పకుండా. ఏం చెప్పాలో వరసగా తయారుచేసుకుని రానక్కర్లేదు, మధ్యలోంచి మొదలుపెట్టినా ఫర్వాలేదు. వంతెన కింద సాయంత్రం ఆరు తర్వాత ఆటో కదలదు, కాబట్టి అయిదున్నర లోపు అపాయింట్‌మెంట్ అడగండి. మెట్లు ఎక్కేటప్పుడు పళ్ల డాక్టరు గారి దగ్గర కూర్చున్నవాళ్లు చూస్తారేమో అని కంగారు పడకండి. వాళ్ల పంటి నొప్పి వాళ్లది.